పని నేర్పే కంపెనీకి సర్కారు సొమ్ము: ఈ కథ ఎప్పటిది?

జడ్చర్ల వైపైనా, చౌటుప్పల్ వైపైనా కంపెనీ గేటు దగ్గరికి పోయిన మన ఐటీఐ పిల్లలకు మొదట ఎదురయ్యే ప్రశ్న "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" లేదంటే కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా ప్యాకింగ్‌కో లోడింగ్‌కో పంపిస్తారు, ఫిట్టర్ చదివినవాడు అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ ఉండిపోతాడు. ఈ పిల్లలకు పని నేర్పండి, ఖర్చులో కొంత మేమిస్తాం అని ప్రభుత్వాలు కంపెనీలకు చెప్పడం మాత్రం ఇవాళ మొదలైంది కాదు.

1961 అప్రెంటిస్ చట్టంలో బతిమాలడం లేదు. కంపెనీలు అప్రెంటిస్‌లను, అంటే పని నేర్చుకునేవాళ్లను, తీసుకోవాల్సిందే, తప్పితే జైలు దాకా పోవచ్చు. 2014 సవరణలో జైలు తీసేసి జరిమానా ఉంచారు. 2016 ఆగస్టులో వచ్చిన జాతీయ పథకంతో కేంద్రం స్టైపెండ్‌లో, అంటే అప్రెంటిస్‌కు నెలనెలా ఇచ్చే భత్యంలో, 25 శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా, తన మీద వేసుకుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతోంది, ఇది నిజంగా మంచి పని.

మన తెలంగాణ రాష్ట్రం సంగతికొస్తే, 2014 నాటి టీ-ఐడియా అనే పరిశ్రమల ప్రోత్సాహక విధానంలో లోకల్ వాళ్లకు శిక్షణ ఇస్తే మనిషికి 2,000 రూపాయల వరకు తిరిగి ఇస్తామన్నారు. రెండు వేలతో ఏ మెషీన్ నేర్పుతారు? 2020 ఆగస్టులో కేబినెట్ ఇంకో మాట చెప్పింది: సెమీ స్కిల్డ్‌లో 70 శాతం, స్కిల్డ్‌లో 60 శాతం లోకల్ వాళ్లను పెట్టుకున్న పరిశ్రమలకు అదనపు ప్రోత్సాహకాలు.

ఇక 2025 ఆగస్టు 1 నుంచి అమలవుతున్న కేంద్ర పథకంలో, అదనంగా ఉద్యోగం ఇచ్చిన యజమానికి మనిషికి నెలకు 3,000 వరకు రెండేళ్లు, తయారీ రంగంలో నాలుగేళ్లు ఇస్తారు. మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు 15,000 వరకు రెండు విడతల్లో. రెండో విడత అందాలంటే ఏడాది పనిచేయాలి, ఆర్థిక అక్షరాస్యత కోర్సు కూడా పూర్తి చేయాలి. పని వచ్చిందా అని మాత్రం అడగరు! నాకు బాధ కలిగేది ఇక్కడే.

ఎందుకంటే పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టింది, మట్టిపని, రాతిపని మేస్త్రీ వెనకాల నడిచి చూసి నేర్చుకుంది. ఆ నేర్పుకు సర్టిఫికెట్ లేదు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సే అప్పుగా మిగిలేది. వాళ్ల మనవల పేరు మీద కంపెనీలకు పోయే సొమ్ములో సగమైనా, ఆ పిల్లవాడు తన పనిలో పెట్టే ట్రేడ్ టెస్ట్ పాసై మెషీన్ మీదికి వచ్చాకే విడుదల చేయాలి.