ఓపిక తక్కువ, వసంతం ఎక్కువ

చలి తగ్గి ఎండ కాస్త వెచ్చగా తగలగానే ఎవరికైనా తోటలోకి మనసు లాగుతుంది, ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లకైతే ఇంకాస్త గట్టిగా లాగుతుంది, చలికాలమంతా నాలుగు గోడల మధ్యే గడిచిపోయి ఉంటుంది కదా. దెబ్బ తినేది కూడా సరిగ్గా అప్పుడే. ఒంట్లో కొంచెం బాగుందనిపించిన రోజున కలుపు పీకుతారు, రెండు కుండీల్లో మట్టి మారుస్తారు, ఎలాగూ పార చేతిలో ఉంది కదా అని ఇంకో మడి కూడా తవ్వేస్తారు, సాయంత్రానికి కూడా పెద్ద తేడా ఏమీ తెలీదు, మర్నాడో ఆ మర్నాడో మంచం దిగలేరు. "మొన్న అంత పని చేశావ్, బానే ఉన్నావ్ కదా, ఇప్పుడేమైంది" అని ఇంట్లోవాళ్లు అడిగితే ఏం చెప్పాలో తోచదు.

చెప్పడానికి ఉంది. క్రానిక్ ఫేటీగ్ సిండ్రోమ్ అని మనం వినే జబ్బుని డాక్టర్లు ఎంఈ/సీఎఫ్ఎస్ అని రాస్తారు, అందులో ముఖ్యమైన లక్షణం పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్, అంటే ఒంటి ఓపికకి మించి చేసిన పని తర్వాత జబ్బు మొత్తం ఎగదన్నడం. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ జబ్బుని గుర్తుపట్టే ప్రమాణాలు కొత్తగా రాసినప్పుడు ఈ లక్షణం ఉండి తీరాలని పెట్టింది. తిరకాసు ఎక్కడుందంటే ఇది వెంటనే రాదు, చాలామందిలో 12 నుంచి 48 గంటలు ఆగి వస్తుంది, వచ్చాక రోజులు, ఒక్కోసారి వారాలు కూర్చుంటుంది. ముఖానికి మాస్క్ పెట్టి ఆక్సిజన్ కొలుస్తూ సైకిల్ తొక్కించి, 24 గంటలయ్యాక మళ్లీ అదే చేయిస్తే, వ్యాయామం అలవాటే లేని ఆరోగ్యవంతులు కూడా రెండో రోజు ఇంచుమించు మొదటి రోజులాగే తొక్కుతారు, ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి మాత్రం రెండో రోజు అంకెలు కిందకి దిగిపోతాయి. కాబట్టి "అలవాటు తప్పింది, అంతే" అనే మాట ఇక్కడ నిలబడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ కూడా 2021లో, రోజురోజుకీ లెక్క ప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతిని ఈ జబ్బుకి ఇవ్వొద్దని రాసేసింది. లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్లలో కొందరికీ ఇదే గొడవ. అయితే అన్ని జబ్బులూ ఇలాగే ఉంటాయని కాదు, కీళ్లవాతంలో మెల్లగా కదులుతూ ఉండటం మంచిదే, అందుకే పక్కింటివాళ్ల సలహా వినేముందు వాళ్లు చెప్పేది ఏ జబ్బు గురించో చూసుకోవాలి.

ఇప్పుడు తోట పనినే కాస్త విడదీసి చూద్దాం. ఏ పనికి ఒళ్లు ఎంత ఖర్చవుతుందో చెప్పడానికి మెట్ అనే కొలత వాడతారు, ఊరికే కూర్చుంటే 1, నిలబడి మొక్కలకి నీళ్లు పడితే దాదాపు 1.5, పార పట్టి తవ్వితే దాదాపు 5. అంటే తోట పని అని మనం ఒకే మాటలో అనేస్తాం గానీ అందులో మూడింతల పైన తేడా ఉన్న పనులు కలిసిపోయి ఉన్నాయి. ఇంకో మాట, ఈ అంకెలు సగటు మనిషివి, జబ్బుతో ఉన్న మనిషికి చేతనైన గరిష్ఠమే తక్కువైనప్పుడు అదే తవ్వకం ఆ గరిష్ఠానికి మరీ దగ్గరగా వెళ్లిపోతుంది.

మరి తోట వల్ల మంచి జరుగుతుందని అంటారే, అది తవ్వడం వల్లా, చూడటం వల్లా? 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఒక చిన్న పేపర్ వేశాడు, పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల పాత రికార్డులు తీసి, కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న 23 మందిని, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్న 23 మందితో జత కలిపి పోల్చాడు. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజులకి ఇంటికెళ్లారు, గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులకి, గట్టి నొప్పి మందులు కూడా చెట్లవైపువాళ్లే తక్కువ వాడారు. మొత్తం 46 మందే, అంత చిన్న లెక్కని పట్టుకుని పెద్ద పెద్ద మాటలు అనకూడదు, కానీ వాళ్లలో ఒక్కరు కూడా పార పట్టలేదు, మంచం మీదే పడుకుని చూశారు, నాకు నచ్చేది అదే.

2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది సర్వే లెక్కలు చూసి, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చని చోట్ల గడిపేవాళ్లు మా ఆరోగ్యం బాగుంది, మనసు బాగుంది అని ఎక్కువగా చెప్పారని తేల్చారు, ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా రాలేదు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలోనూ అదే కనిపించింది. వినడానికి భలే ఉంది గానీ ఇందులో రెండు మెలికలున్నాయి, ఒకటి సొంత ఇంటి తోటలో గడిపిన టైమ్ వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు, రెండోది ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువ బయటికి వెళ్తారు కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో ఇక్కడ తేలదు. ఇక "మట్టిలో చేతులు పెడితే అందులోని బ్యాక్టీరియా డిప్రెషన్ తగ్గిస్తుంది" అని తిరిగే కబురు ఉందే, అది ఎక్కువగా మైకోబ్యాక్టీరియం వ్యాకే అనే సూక్ష్మజీవి మీద 2007లో వచ్చిన ఎలుకల ప్రయోగం నుంచి పుట్టింది, అక్కడ చచ్చిన బ్యాక్టీరియాని ఎలుకల ఒంట్లోకి ఎక్కించారు, తోటా లేదు మట్టీ లేదు.

నేననేది ఏంటంటే, జబ్బుతో ఉన్నవాళ్లు కుర్చీ వేసుకుని కూర్చుని చూసేదాన్ని "ఏదో, పని చేయలేక కూర్చున్నాం" అని తక్కువ చేసుకోవాల్సిన పని లేదు, వసంతంలో తోటలో జరిగేవాటిలో మంచివన్నీ కూర్చున్నవాళ్లకే కనపడతాయి. తులిప్ పువ్వునే తీసుకోండి, పొద్దున చలిలో గట్టిగా ముడుచుకుని ఉంటుంది, ఎండెక్కాక విచ్చుకుంటుంది, సాయంత్రం మళ్లీ మూసుకుంటుంది. వేడి తగిలితే రేకు లోపలివైపు కణాలు గబగబా పెరుగుతాయి, దాంతో రేకు బయటికి వంగుతుంది, చల్లబడితే బయటివైపు కణాలు పెరిగి రేకు లోపలికి వస్తుంది. అంటే తెరుచుకున్న ప్రతిసారీ, మూసుకున్న ప్రతిసారీ ఆ రేకు కొంచెం పొడుగవుతుంది, అందుకే విచ్చిన మొదటి రోజు పువ్వుకీ రాలేముందు పువ్వుకీ సైజులో తేడా ఉంటుంది, మధ్యాహ్నం నీడపట్టున కూర్చుని ఒకే పువ్వు మీద కన్నేసి ఉంచితే ఈ కదలిక తెలుస్తుంది, క్రోకస్ పువ్వులైతే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారకముందే కదలడం మొదలెడతాయి.

దీనికంటే నాకు ఇష్టమైనది బంబుల్ బీ, ఒళ్లంతా నూగుతో బొద్దుగా ఉండే తుమ్మెద. చల్లటి ప్రాంతాల్లో చలికాలం మొదలయ్యేసరికి పట్టులో అందరూ చచ్చిపోతారు, కొత్త రాణులు మాత్రం మట్టిలో దూరి చలికాలం గడిపి వసంతం మొదట్లో ఒంటరిగా బయటికొస్తాయి. రొమ్ము భాగం దాదాపు 30 డిగ్రీలకి వేడెక్కితే గానీ ఎగరలేవు, బయటేమో చలి, అందుకని రెక్కలు కదపకుండా ఎగిరే కండరాలని మాత్రం వణికించి వేడి పుట్టించుకుంటాయి. దగ్గరగా చూస్తే పువ్వు మీద కదలకుండా కూర్చుని ఉంటుంది గానీ పొట్ట మాత్రం లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటుంది, అయ్యో చచ్చిపోతోందేమో అని మనం అనుకుంటాం, అది ఇంజిన్ వేడి చేసుకుంటోంది. మరీ దగ్గరికెళ్తే మధ్య కాలు ఒకటి పైకెత్తుతుంది, దూరంగా ఉండు అని దానర్థం, నిజంగా ఉండండి. తర్వాత గూడు దొరికాక గుడ్ల మీద పొట్ట ఆనించి ఇదే వేడితో పొదుగుతుంది.

వాసన సంగతి కూడా చెప్పాలి, దానికి దాదాపు ఓపికే అక్కర్లేదు. పొడి మట్టి మీద నాలుగు చినుకులు పడ్డప్పుడు వచ్చే వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్, స్ట్రెప్టోమైసిస్ లాంటి మట్టి బ్యాక్టీరియా తయారు చేసేది, లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. మట్టిలో ఉండే స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగులు ఈ వాసనకి వచ్చి బ్యాక్టీరియాని తిని విత్తనాల్లాంటి దాని స్పోర్లని మోసుకెళ్తాయని 2020లో తేలింది, అంటే ఈ వాసన మనకోసం పెట్టింది కాదు, మనం మధ్యలో దూరాం అంతే. చిన్న నీళ్ల డబ్బాతో ఎండిన మడి మీద చిలకరించినా వస్తుంది.

ఇక జాగ్రత్తలు, ఇవి జబ్బుని బట్టి మారతాయి. లేచి నిలబడగానే అర లీటరుకి పైగా రక్తం ఒంటి కింది భాగానికి దిగుతుంది, పాట్స్ అని, నిలబడగానే గుండె దడదడలాడే జబ్బున్నవాళ్లలో దాన్ని సర్దుకోవడానికి గుండె వేగం పది నిమిషాల్లోపే నిమిషానికి 30 సార్లకి పైగా పెరుగుతుంది, ఎండ వేడికి చర్మంలో రక్తనాళాలు తెరుచుకుంటే ఇంకా కష్టం, కాబట్టి వంగి లేచే కలుపు పని వాళ్లకి అన్నిటికంటే చెడ్డది, చిన్న స్టూల్ మీద కూర్చుని ఎత్తు తొట్లలో చేసేది నయం. కీళ్లవాతంలో తెల్లవారుజామున వాపు పెంచే రసాయనాలు ఎక్కువగా ఉంటాయి, పొద్దున్నే చేతులు బిగుసుకుని ఉండేది అందుకే, ఆ బిగువు వదిలాకే తోటలోకి వెళ్లాలి, పనిముట్ల పిడికి స్పాంజ్ చుట్టి లావు చేస్తే పట్టు బిగించే పని తగ్గుతుంది. లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు, ఉన్నవాళ్లకి ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలే జబ్బుని రేపుతాయి, మబ్బు పట్టినా అవి కొంత దిగుతూనే ఉంటాయి. కొన్ని మందులు, ఉదాహరణకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్, చర్మాన్ని ఎండకి తట్టుకోలేకుండా చేస్తాయి, మీ మందుల గురించి డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో ఒక మాట అడగండి.

ఆస్తమా ఉన్నవాళ్లు రంగురంగుల పూలని చూసి భయపడతారు గానీ పురుగుల కోసం పూసే ఆ పూల పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి గాల్లో అంత తేలదు, ఇబ్బంది పెట్టేది ఎక్కువగా కంటికి ఆనని గడ్డి పూలు, గాలికి పుప్పొడి వదిలే చెట్లు. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో, అక్కడ అది వసంతకాలం, ఉరుములతో వచ్చిన గాలివాన గడ్డి పుప్పొడిని సన్నటి తునకలుగా మోసుకొచ్చి వేలమందికి ఊపిరాడకుండా చేసింది, పదిమంది చనిపోయారు. పుప్పొడి ఎక్కువున్న రోజుల్లో ఉరుము వినపడితే లోపలికెళ్లి కిటికీలు వేసుకోవడమే.

ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లకి కంపోస్ట్ బస్తా విషయంలో జాగ్రత్త కావాలి, కుండీల్లో నింపడానికి బస్తాల్లో అమ్మే పాటింగ్ మిక్స్‌లో లెజియోనెల్లా లాంగ్‌బీచే అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, దుమ్ముతో లోపలికెళ్తే న్యుమోనియా తెస్తుంది. బస్తా బయట గాలి ఆడేచోట ముఖానికి దూరంగా కోయాలి, కొంచెం తడపాలి, మాస్క్, గ్లవ్స్ వేసుకోవాలి, తర్వాత చేతులు కడగాలి, అసలు ఇంకెవరైనా కోసిపెడితే ఇంకా మంచిది.

పని తగ్గించుకోవాలంటే ఒకసారి నాటితే ఏటా వచ్చేవే పెట్టుకోండి. చలి ప్రాంతాల్లో తులిప్ లాంటి దుంపలకి పూయాలంటే ముందు 12 నుంచి 16 వారాలు చలి తగలాలి, అందుకే వాటిని చలికాలం రాకముందే నాటతారు, అంటే బరువు పని వసంతం ఊపులో ఉండగా కాదు, అంతకు నెలల ముందే అయిపోతుంది, కొన్ని వారాల మీద కాస్త కాస్తగా పంచుకోవచ్చు కూడా. తవ్వే పని ఎవరికైనా అప్పజెప్పండి, గోతులు ఎక్కడ తీయాలో మాత్రం మీరు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చునే చెప్పండి, అక్కడినుంచి కనపడని పువ్వు మీకెందుకు.