బందీలను ఇచ్చి బందీలను తెచ్చుకొన్న సేనాధిపతి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

సేనాధిపతి గొప్పవాడో కాదో ఎన్ని యుద్ధాలు గెలిచాడన్న లెక్కతోనే తేలుతుందా అని కిందటి ఉత్తరంలో అడిగారు. ఆ లెక్కకు అందని ఒక మెక్సికో సేనాధిపతి సంగతి రాస్తున్నాను. ఆయన పేరు విసెంతే రీవా పలాసియో. పుట్టింది 1832లో, మెక్సికో నగరంలో. బానిసత్వాన్ని రద్దు చేసిన అధ్యక్షుడు విసెంతే గెరేరోకు ఆయన కూతురి కొడుకు. ఆ గెరేరోను ప్రత్యర్థులు మోసంతో పట్టుకొని 1831లో కాల్చి చంపించారు. పట్టుబడినవాణ్ణి కాల్చడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు.

ఆయన చదివింది న్యాయశాస్త్రం. అయినా ఫ్రెంచి సైన్యం దేశం మీదికి వచ్చినప్పుడు సొంత ఖర్చుతో దళాన్ని కూర్చుకొని యుద్ధానికి వెళ్ళాడు. అధ్యక్షుడు బెనితో హువారెస్ ప్రభుత్వం ఆయనను మెక్సికో రాష్ట్రానికి (దేశం పేరుతోనే అక్కడొక రాష్ట్రం ఉంది), ఆ తరవాత మిచోఆకాన్‌కు గవర్నరుగా నియమించింది. గవర్నరు అనగానే భవనాన్నీ బంట్రోతులనూ ఊహించుకోకండి. మిచోఆకాన్ రాజధాని మొరేలియా శత్రువుల చేతిలో ఉంది గనక ఆయన పరిపాలనంతా గుర్రం మీదనే సాగింది.

ఫ్రెంచివారు 1864లో ఆస్ట్రియా రాజకుమారుడు మాక్సిమిలియన్‌ను తెచ్చి చక్రవర్తిగా కూర్చోబెట్టారు. ఆయన భార్య కార్లోతా బెల్జియం రాజు కూతురు కావడంతో బెల్జియం నుంచి కూడా సైనికులు వచ్చారు. 1865 ఏప్రిల్‌లో తకాంబరో అనే ఊళ్ళో వారిలో పలువురు హువారెస్ పక్షానికి బందీలుగా చిక్కారు. ఆయుధంతో దొరికిన ప్రతివాడినీ 24 గంటల్లోగా చంపాలని ఆ అక్టోబరు 3న మాక్సిమిలియన్ శాసనం చేశాడు. అదే నెల 21న ఉరువాపాన్‌ అనే ఊళ్ళో హువారెస్ పక్షపు సేనాధిపతులు ఆర్తెయాగా, సలాసార్‌లతోపాటు మరి ముగ్గురిని కాల్చివేశారు. ఆర్తెయాగా తరవాత ఆ సైన్యానికి నాయకత్వం రీవా పలాసియోకే వచ్చింది.

ఇప్పుడు ఆయన స్థితిని ఒక్కసారి తలుచుకోండి. తన పైఅధికారిని చంపినవారి సైనికులు తన చేతిలోనే ఉన్నారు. ప్రతీకారం తీర్చుకొంటే ఆ యుద్ధకాలంలో తప్పుపట్టేవారు కూడా తక్కువే. ఆయన వారి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. శత్రువులతో సంప్రదింపులు జరిపి, 1865 డిసెంబరు 5న అకుయిత్సియో అనే చిన్న ఊళ్ళో బందీలను అప్పగించి, అవతలి పక్షం చెరలో ఉన్న తనవారిని విడిపించుకొన్నాడు. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే పెద్దది.

మెత్తనివాడని మాత్రం అనుకోవద్దు. మరుసటి ఏడు కార్లోతా ఐరోపాకు తరలిపోతే ఆమెను ఎగతాళి చేస్తూ పాట కట్టి సైనికుల చేత పాడించాడు. 1867లో మాక్సిమిలియన్ చిక్కిన కెరెతారో ముట్టడిలో ఆయనా ఉన్నాడు. ఆ చక్రవర్తికి ప్రాణభిక్ష పెట్టమని హువారెస్‌ను వేడుకొన్న న్యాయవాదుల్లో రీవా పలాసియో తండ్రి మరియానో ఒకరు! తరవాత రీవా పలాసియో మంత్రి అయ్యాడు. ప్రభుత్వాన్ని విమర్శించి 1883లో జైలుకు వెళ్ళి, అక్కడే స్పెయిన్ ఏలుబడి నాటి మెక్సికో చరిత్ర రాశాడు. 1896లో స్పెయిన్‌లో రాయబారిగా ఉండగానే మరణించాడు.

బందీలు చేతులు మారిన ఆ ఊరిని ఇప్పుడు అకుయిత్సియో దెల్ కాన్హే అంటారు. కాన్హే అంటే మార్పిడి. అట్లాసులో మొరేలియాకు దక్షిణంగా వెతకండి.

ఇట్లు,
మీ తాతయ్య