ఎల్ఎల్ఎంలో వాతావరణ చట్టానికి సొంత పీట ఎందుకు లేదు

చెన్నై హైకోర్టు దగ్గర ప్యారీస్ కార్నర్ పుస్తకాల షాపుల్లో దాదాపు ఏ చట్టానికైనా బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని చట్టం పాఠం, దొరుకుతుంది. వాతావరణ మార్పుల చట్టానికి మాత్రం దొరకదు. అలాంటి చట్టాన్ని మన పార్లమెంటు చేయనే లేదు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి న్యాయశాస్త్రంలో పీజీ అయిన ఎల్ఎల్ఎంలో ఈ సబ్జెక్టు పట్టుకున్న విద్యార్థికి మొదటి చిక్కు ఇదే. చదవాల్సింది ఒక చట్టం కాదు, వేరే అవసరాల కోసం యాభై ఏళ్లుగా పుట్టుకొచ్చిన చట్టాల వరస. అది తెలియకుండా నేరుగా భూతాపాన్ని అదుపు చేయడానికి దేశాలు 2015లో చేసుకున్న పారిస్ ఒప్పందం దగ్గర మొదలుపెడితే డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) సగంలో చతికిలబడుతుంది.

1972లో పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి స్టాక్‌హోం సదస్సు జరిగింది. 1974లో నీటి కాలుష్య చట్టం వచ్చింది. 1976లో 42వ సవరణతో పర్యావరణ రక్షణ బాధ్యతను ప్రభుత్వానికీ పౌరులకూ అప్పగించే 48ఎ, 51ఎ(జి) అధికరణలు రాజ్యాంగంలోకి చేరాయి. 1981లో వాయు కాలుష్య చట్టం, భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. అసలు పట్టు ఈ చివరిదానిలో ఉంది. పర్యావరణాన్ని కాపాడటానికి అవసరమనుకున్న చర్యలన్నీ తీసుకునే అధికారాన్ని సెక్షన్ 3 కేంద్రానికి ఇచ్చింది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, కాగితం, క్లోర్-ఆల్కలీ పరిశ్రమలకు ఉద్గార తీవ్రత (ఉత్పత్తిలో ఒక్కో యూనిట్‌కు వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల) లక్ష్యాలు పెట్టిన నిబంధనలు కూడా ఈ 1986 చట్టం కిందే వచ్చాయి. ఒక్క బేర్ యాక్టే కొనగలిగితే ఇదే కొనాలి.

కోర్టుల దారి వేరుగా నడిచింది. తమిళనాడు తోళ్ల పరిశ్రమల మీద వెల్లూరు పౌరుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్నీ (హాని కచ్చితంగా రుజువు కాకముందే దాన్ని ఆపాలన్నది), కాలుష్యం చేసినవాడే చెల్లించాలన్న సూత్రాన్నీ మన చట్టంలో భాగమంది. 1999లో ఎం.వి. నాయుడు కేసు వచ్చింది. హైదరాబాద్ దాహం తీర్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దగ్గర ఫ్యాక్టరీ పెట్టవచ్చా అన్నది అందులో తగువు. హాని జరగదని రుజువు చేయాల్సిన బాధ్యత ఫ్యాక్టరీదేనని కోర్టు తేల్చింది. తెలుగు విద్యార్థి తీర్పు పైన ఉండే సారాంశం, హెడ్‌నోట్‌తో సరిపెట్టుకోకుండా ఆసాంతం చదవాల్సిన తీర్పు ఇది. హానిని ముందే కచ్చితంగా రుజువు చేయలేని వాతావరణ వాదాలకు పునాది ఇక్కడే ఉంది.

ఈ సూత్రాలు 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో సెక్షన్ 20గా స్థిరపడ్డాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనానికే వస్తాయి. తెలుగు పత్రాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అయితే ట్రిబ్యునల్ పరిధి మొదటి షెడ్యూలులో ఉన్న ఏడు చట్టాలకే పరిమితం. వన్యప్రాణి చట్టం అందులో లేదు, వాతావరణం అన్న మాటతో ఏ చట్టమూ లేదు. గడువు ఇంకో గోడ. సెక్షన్ 14 కింద వివాదం మొదట తలెత్తిన ఆరు నెలల్లో, తగిన కారణం చూపితే మరో 60 రోజుల్లో దరఖాస్తు పడాలి. పైపును నదిలోకి తిప్పిన రోజుకు తేదీ ఉంటుంది. సముద్రం పెరగడం మొదలైన రోజుకు ఏ తేదీ వేయాలి? రిధిమా పాండే అనే బాలిక 2017లో వేసిన వాతావరణ పిటిషన్‌ను ట్రిబ్యునల్ 2019లో కొట్టేసింది. పారిస్ హామీలు పర్యావరణ ప్రభావ మదింపులో లెక్కలోకి రావడం లేదని అనుకోవడానికి కారణం లేదంది.

సిలబస్ కూడా ఇలాగే అతుకులతో పెరిగింది. అన్ని స్థాయుల్లో పర్యావరణ విద్య ఉండాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2008 బార్ కౌన్సిల్ నిబంధనల్లో ఎల్ఎల్‌బీకి పర్యావరణ చట్టం తప్పనిసరి పేపరు. పీజీకి వచ్చేసరికి, ఏడాది ఎల్ఎల్ఎం కోసం యూజీసీ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరు స్పెషలైజేషన్ గ్రూపులున్నా పర్యావరణం పేరుతో ఒక్కటీ లేదు. అందుకే వాతావరణ చట్టం అంతర్జాతీయ చట్టంలోనో, రాజ్యాంగ చట్టంలోనో ఓ మూల సర్దుకుంటుంది. మొత్తం 24 క్రెడిట్లలో డిసర్టేషన్‌కు దక్కేది మూడు నుంచి ఐదు. ఈ సబ్జెక్టుకు అది చాలదు. చెన్నైలోని అంబేడ్కర్ లా యూనివర్సిటీలో పర్యావరణ చట్టానికి ప్రత్యేక శాఖ ఉండటం ఆ మేరకు మేలు.

2024 మార్చి 21న రంజిత్‌సింహ్ కేసులో వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు సమానత్వం, జీవించే హక్కుల 14, 21 అధికరణల్లో ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు బట్టమేక పక్షికీ కరెంటు తీగలకూ మధ్య పుట్టింది. కాబట్టి హక్కు గురించిన మాటలు తీర్పుకు ఆధారమా, సందర్భవశాత్తూ అన్నవా అన్నది మంచి డిసర్టేషన్ ప్రశ్న.

చెన్నై విద్యార్థులు తరచూ ఎంచుకునే 2015 వరదల అంశంలో జాగ్రత్త అవసరం. పారిస్ సదస్సు జరుగుతుండగానే డిసెంబరు 1, 2 తేదీల్లో తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానలో భూతాపం జాడ ఉందా అని శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చూసినా స్పష్టమైన ఆధారం దొరకలేదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక తప్పుపట్టింది చెంబరంబాక్కం నుంచి వదిలిన 29 వేల క్యూసెక్కుల నీటిని. వాతావరణ మార్పే కారణమని మొదటి అధ్యాయంలో రాసేస్తే వైవాలో మొదటి ప్రశ్నకే నిలబడలేరు. గేట్లు ఎత్తిన గంటల లెక్కలు కావాలంటే మొదటి సెమిస్టర్‌లోనే ఆర్టీఐ వేయాలి. జవాబుకు 30 రోజులు, అప్పీలుకు వెళితే మరో 30 నుంచి 45 రోజులు పడుతుంది.