ఎదిగిన పిల్లలకు మొదటి పిస్టల్: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో పది మీటర్ల దూరంలోని టార్గెట్‌ను కాల్చే ఎయిర్ పిస్టల్ ఆట నేర్పే శిక్షకుడిగా నన్ను కలిసే తల్లిదండ్రులలో చాలామంది మొదట అడిగేది ఒక్కటే: "సార్, మా వాడికి ఏ పిస్టల్ కొనమంటారు?" ఆ కొడుకు ఇంజినీరింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరినవాడై ఉంటాడు, లేదా ఆ బిడ్డ పోటీ పరీక్షలకు చదువుతూ రోజుకొక గంట మనసు నిలిపే వ్యాపకం కోసం చూస్తున్న అమ్మాయి అయి ఉంటుంది. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. పిస్టల్‌ను ఎంచుకోవలసింది దాన్ని పట్టుకునే చేయి, ఆ చేతికి తనకేమి కావాలో తెలియడానికి కొన్ని నెలల సాధన అవసరం. ఈ క్రమాన్ని తారుమారు చేసే అపోహలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: తుపాకి ఇంట్లోకి వస్తే కీడే వస్తుంది.

ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను. వరంగల్, కరీంనగర్ ప్రాంతాలలో యాభై ఏళ్లు దాటినవారికి తుపాకి అనగానే కూంబింగులు, ఎన్‌కౌంటర్లు, రాత్రిపూట తలుపు తట్టిన చప్పుడు గుర్తుకు రావడం సహజం. అయితే ఎయిర్ పిస్టల్‌లో మందుగుండు ఉండదు. బిగించిన గాలి దాదాపు అర గ్రాము బరువున్న సీసపు పెల్లెట్‌ను గొట్టంలోంచి నెడుతుంది, దాని శక్తి ఆరు జౌల్‌లకు అటూ ఇటూగా ఉంటుంది. అంతమాత్రాన అది ఆటబొమ్మ అనుకోవడం మరో అపోహ, అది మొదటిదానికంటే ప్రమాదకరమైనది. ఆ పెల్లెట్ తగిలితే కన్ను పోతుంది. అందుకే సాధన చేసే షూటింగ్ రేంజిలో గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, కాల్చనప్పుడు గొట్టంలో రంగు దారం వంటి సేఫ్టీ ఫ్లాగ్ కనిపించాలి, ఎవరైనా టార్గెట్ వైపు వెళ్లవలసి వస్తే పిస్టళ్లన్నీ ఖాళీ చేసి బల్లమీద పెట్టి అందరూ చేతులు తీసేయాలి. తల్లిదండ్రులను ఒక పూట కాల్చేవారి లైను వెనుక కూర్చొని ఈ క్రమశిక్షణను స్వయంగా చూడమని కోరుతాను, చూసిన తరువాత వారు అడిగే ప్రశ్నలు మారతాయి.

అపోహ: ముందు లైసెన్సు తీసుకొని అసలైన పిస్టల్ కొంటేనే ఆట వస్తుంది.

4.5 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంతో, 20 జౌల్‌లకు మించని శక్తితో ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అవసరం లేదు. మందుగుండుతో పేలే పిస్టల్‌కు 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి వర్తిస్తాయి. దానికి సాధారణంగా 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. ఆత్మరక్షణ కోసమని తాతగారో తండ్రిగారో తీసుకున్న రివాల్వర్ ఇంట్లో ఉంటే, దానితోనే పిల్లవాడికి నేర్పుదామని కొందరు అనుకుంటారు. లైసెన్సు ఒకరి పేరున ఉన్న ఆయుధాన్ని కుటుంబ ఆస్తిలా చేతులు మార్చుకోవడం చట్టం ఒప్పుకోదు. శిక్షణ దృష్టితో చూసినా అది తప్పు ఆరంభమే, ఎందుకంటే పేలుడు శబ్దానికి, చేతికి తగిలే ఎదురుదెబ్బకు కొత్తవారి కన్ను ముందుగానే మూతపడుతుంది, మణికట్టు ముందుగానే బిగుసుకుంటుంది, ఆ అలవాటును మాన్పించడానికి నేర్పడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పడుతుంది. 25 మీటర్ల పోటీలో వాడే, మందుగుండుతో పేలే 0.22 అంగుళాల పిస్టల్ మీద ఆసక్తి ఉన్నా, పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో ట్రిగ్గర్ వేలు కుదురుకున్న తరువాతే అటు వెళ్లడం మేలు.

అపోహ: చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే లాభం లేదు.

హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే 2018లో జాతీయ విజేత అయిందని, ఇరవై మూడేళ్ల తమ బిడ్డకు ఇక అవకాశం లేదని కొందరు దిగులు పడతారు. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచిన టర్కీ షూటర్ యూసుఫ్ డికేచ్ వయసు అప్పటికి 51. ఆలస్యంగా మొదలుపెట్టిన ప్రతివారూ ఒలింపిక్స్‌కు వెళ్తారని నేను చెప్పను. ఈ ఆటలో శరీరం త్వరగా అరిగిపోదు, మన దగ్గర మాస్టర్స్ విభాగపు పోటీలు కూడా ఉన్నాయి. పైగా ఎదిగినవారు చెప్పిన మాటకు కారణం అడుగుతారు, కారణం తెలిస్తే దాన్ని పాటిస్తారు, శిక్షకుడికి అంతకంటే కావలసినది లేదు.

అపోహ: చేయి వణికేవారికి షూటింగ్ రాదు.

నా దగ్గరికి వచ్చినవారిలో మొదటి వారంలోనే మానేద్దామనుకున్నవారి మనసులో ఎక్కువగా ఉండేది ఈ అపోహే, కాబట్టి దీన్ని కొంచెం లెక్కతో చెబుతాను. దాదాపు కిలో బరువున్న పిస్టల్‌ను ఒక్క చేత్తో, మోచేయి చాచి పట్టుకుంటే ఎవరి చేయి అయినా కదులుతుంది, పతక విజేతల చేయి కూడా కదులుతుంది. టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఆ తరువాతి ఒక్కొక్క వలయం ఎనిమిదేసి మిల్లీమీటర్ల వెడల్పు. చేయి మొత్తం ఒకేలా పక్కకు ఐదు మిల్లీమీటర్లు జరిగితే పెల్లెట్ కూడా ఐదు మిల్లీమీటర్లే పక్కకు పడుతుంది, అది ఇంకా పదే. కానీ మణికట్టు తిరిగి, గురి చూడటానికి పిస్టల్ మీద ఉండే రెండు సైట్లలో వెనుక సైట్ గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, రెండు సైట్ల మధ్య దూరం మూడో వంతు మీటరే కనుక, పది మీటర్ల దూరంలో ఆ తప్పు దాదాపు 30 మిల్లీమీటర్లుగా పెరిగి పెల్లెట్ ఏడులో పడుతుంది.

దీన్ని అర్థం చేసుకున్నవారు వణుకుతో పోరాడటం మానేస్తారు. కంటి చూపు ముందు సైట్ మీద నిలపాలి, టార్గెట్ మసకగా కనిపించినా ఫరవాలేదు, నల్లని వృత్తానికి కింద ఉన్న తెల్లని భాగంలో సైట్లను నెమ్మదిగా ఆడనివ్వాలి, అలా ఆడుతుండగానే ట్రిగ్గర్ మీద ఒత్తిడిని ఆపకుండా పెంచాలి. 'ఇప్పుడు పదిలో ఉంది' అని గబుక్కున లాగిన గుండు తప్పకుండా పక్కకు పోతుంది. ఎనిమిది, తొమ్మిది సెకన్లలో గుండు వెళ్లకపోతే చేయి దించి, ఊపిరి పీల్చుకొని మళ్లీ మొదలుపెట్టాలి. 60 గుండ్లకు 75 నిమిషాల సమయం ఉంటుంది కనుక, చేయి దించడానికి సంకోచించవలసిన పని లేదు. ఇదే నేర్పడానికి అన్నిటికంటే కష్టమైన విషయం.

అపోహ: మంచి కంపెనీ పిస్టల్ తెచ్చి బిడ్డకు కానుకగా ఇస్తే చాలు.

ప్రేమతో చేసే ఈ పనివల్లే అటక మీదికి చేరిన పిస్టళ్లు ఎక్కువ. స్టెయర్, మొరీని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్దీని కంపెనీల పోటీ పిస్టళ్లలో నాసిరకం అంటూ ఏదీ లేదు. దిగుమతి అయిన కొత్తది లక్ష రూపాయలకు పైమాటే. కానీ చెక్క గ్రిప్ చేతికి సరిపోకుండా కొనడం పాదం చూడకుండా చెప్పులు తేవడం వంటిదే. గ్రిప్‌లో చిన్న, మధ్య, పెద్ద సైజులు, కుడిచేతివి, ఎడమచేతివి వేరువేరుగా ఉంటాయి. చిన్న చేతులున్నవారికి తేలికైన, పొట్టి గొట్టం రకాలు కూడా దొరుకుతాయి.

అందువల్ల కొన్ని నెలలు రేంజి పిస్టళ్లతోనే సాధన చేయించి, తరువాత కొనబోయే పిస్టల్‌ను బిడ్డ చేతికే ఇచ్చి చూడమంటాను. ఖాళీ పిస్టల్‌ను పట్టుకొని, కళ్లు మూసుకొని, చేయి టార్గెట్ ఎత్తుకు లేపి, కళ్లు తెరవాలి. ముందు సైట్ గాడి మధ్యలో దానంతటదే నిలిస్తే గ్రిప్ కుదిరినట్లు, ప్రతిసారీ ఒకే వైపుకు పోతుంటే గ్రిప్ చేతిని తిప్పుతున్నట్లు. చూపుడు వేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్‌ను సూటిగా తాకాలి, వేలు చెక్కకు రాసుకోకూడదు. అరచేతి కింది పలక చేతిని ఆనుకోవాలి కాని నొక్కి తిమ్మిరెక్కించకూడదు, మణికట్టు గ్రిప్ ఆసరా లేకుండా విడిగా ఉండాలని పోటీ నిబంధన కూడా చెబుతుంది. గుండు లేకుండా ట్రిగ్గర్ సాధన చేసే డ్రై ఫైర్ ఏర్పాటు లేని పిస్టల్ ఎంత చవకగా వచ్చినా వద్దనే నా సలహా. ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. అంతకంటే తేలికగా సవరించిన పిస్టల్‌తో సాధన చేసినవారు పోటీ రోజు ఆయుధ తనిఖీలో ఆగిపోతారు.

ఏ కన్ను ప్రధానమైనదో కూడా ముందే చూసుకోవాలి. రెండు అరచేతులతో చిన్న కంత చేసి దూరపు వస్తువును చూస్తూ ఒక్కొక్క కన్ను మూస్తే తెలిసిపోతుంది. కుడిచేతివాటం, ఎడమ కన్ను ప్రధానం అయినవారు ఉన్నారు, వారు శిక్షకుడితో మాట్లాడిన తరువాతే గ్రిప్ వైపును నిర్ణయించుకోవాలి. కళ్లద్దాలు ఆటకు అడ్డు కావు.

అపోహ: సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనడం తెలివితక్కువ పని.

మంచి స్థితిలో ఉన్న పాత పోటీ పిస్టల్ తొలి పిస్టల్‌గా చాలామందికి సరైన ఎంపిక. అయితే 200 బార్ ఒత్తిడి గాలి నిలిపే సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది, పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీలో అనుమతించరు, సాధనలో వాడటమూ ప్రమాదమే. కొత్త సిలిండర్ ధరను బేరంలో కలుపుకోవాలి. గాలి నింపే వసతి దగ్గరలో ఉందా, చేతిపంపు కొనాలా, గాలి కారకుండా ఆపే సీళ్లు మార్చే మనిషి ఎవరు అన్నవి కూడా వరంగల్‌లో ఉన్నవారు ముందే ఆలోచించాలి. ఎంత పేరున్న పిస్టల్ అయినా మొరాయిస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ చెడిపోయి విలువైన సమయం పోయింది, ఆమె ఫైనల్‌కు చేరలేదు. పారిస్‌లో అదే విభాగంలో ఆమె కాంస్యం గెలిచింది.

అపోహ: లైసెన్సు అవసరం లేదు కనుక ఇంట్లో, మేడ మీద ఎక్కడైనా కాల్చవచ్చు.

ఇంట్లో గోడ వైపు తిరిగి డ్రై ఫైర్ సాధన మాత్రమే చేయాలి, అప్పుడు పెల్లెట్ల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. మేడ మీద, పొలంలో, కోతుల మీద కాల్చడం ఎంతమాత్రం కుదరదు. దసరా నాడు ఆయుధపూజలో పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, సిలిండర్ విప్పి, సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉంచితే చాలు. కానీ బరాత్‌లో చేతపట్టి ఫోటోలు దిగితే, దూరం నుంచి చూసేవారికి అది ఎయిర్ పిస్టల్ అని తెలియదు. బస్సులో అయినా రైలులో అయినా తాళం వేసిన పెట్టెలోనే తీసుకెళ్లాలి, బిల్లు నకలు, గుర్తింపు కార్డు అదే పెట్టెలో ఉండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక, సాధన ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే టిఫిన్ డబ్బా తెరవాలి.