డ్రిల్ పీరియడ్ ఇలా ఎందుకుంది? విశాఖ బళ్ల నుంచి ఒక వెనకచూపు

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి విశాఖ ఆర్‌కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా మ్యాట్లు పరిచారు, ప్రధాని వచ్చారు, లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. అంతకు ముందురోజు ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో వేల మంది గిరిజన పిల్లలు 108 సూర్యనమస్కారాలు చేశారు. బాగుంది, కాదనేవాళ్లెవరూ లేరు. అయితే ఆ శనివారం పోయి సోమవారం వచ్చాక సీతమ్మధారలోనో గాజువాకలోనో ఒక ఎనిమిదో తరగతి సెక్షన్‌కి పీటీ పీరియడ్, అదే డ్రిల్ పీరియడ్, ఎలా జరిగి ఉంటుందంటే, అంతకు ముందు సోమవారం ఎలా జరిగిందో అలాగే.

ఎలాగో అందరికీ తెలిసిందే. బెల్లు కొట్టాక మెట్లు దిగి, నీళ్ల సీసాలు గట్టు మీద పెట్టి, వరసలో నిలబడేసరికి ఐదారు నిమిషాలు పోతాయి. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. సావధాన్, విశ్రామ్, చేతులు చాచి ఎడం చూసుకోవడం, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు అరుస్తూ నాలుగు రకాల ఎక్సర్‌సైజులు. అప్పుడు సార్ ఈల ఊది బంతులు బయటికి తీస్తారు, రెండంటే రెండు. ఆట వచ్చిన డజను మంది వాటి వెంట పరుగెడతారు. ఆడపిల్లల్లో కొందరికి టెన్నికాయిట్ రింగు దొరుకుతుంది. మిగతా ముప్పై మంది గోడ నీడన చేరి కబుర్లు చెప్పుకుంటారు. మధ్యాహ్నం మూడింటి పీరియడైతే, మన సముద్రపు ఉక్కపోతలో, వాళ్లే తెలివైనవాళ్లు అనిపిస్తుంది కూడా.

దీనికి పీఈటీ సార్‌ని, అంటే వ్యాయామం నేర్పే మాస్టారుని, తిట్టడం తేలిక. కానీ ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. దాదాపు నూట నలభై ఏళ్లుగా ఒకరి తర్వాత ఒకరు తమ అవసరం కొద్దీ పేర్చుకుంటూ వచ్చిందే ఇవాళ ఆయన చేతికి వచ్చింది. ఆ అవసరాల్లో గోడ నీడన కూర్చున్న పిల్ల అవసరం ఎప్పుడూ ముందు వరసలో లేదు. నా గొడవంతా అదే.

1882లో బ్రిటిష్ ప్రభుత్వం చదువుల మీద వేసిన హంటర్ కమిషన్ బళ్లలో దేశీ ఆటలు, జిమ్నాస్టిక్స్, డ్రిల్ ప్రోత్సహించాలని చెప్పింది. మూడూ రాసింది గానీ బళ్లు ఎక్కువగా పట్టుకున్నది డ్రిల్‌నే. కారణం పెద్ద రహస్యమేం కాదు. డ్రిల్‌కి సామాను అక్కర్లేదు, ఒక్క మనిషి వంద మందిని అదుపులో పెట్టగలడు, ఇనస్పెక్టర్ వచ్చినప్పుడు చూడ్డానికి బాగుంటుంది. నేర్పడానికి మనుషులు కూడా తేలిగ్గా దొరికారు, సైన్యం నుంచి రిటైరైన సిపాయిలు, హవల్దార్లు. వాళ్లకు తెలిసింది కవాతు, కాబట్టి కవాతే నేర్పారు. ఇవాళ్టికీ మన పిల్లలు పొడుగు చూసుకుని వరసలో నిలబడేది అందుకే. ఆరోగ్యానికీ పొట్టి పొడుగు వరసకీ ఏ సంబంధమూ లేదు.

అదే కాలంలో బడి బయట ఉత్తరాంధ్ర ఊళ్లలో వేరే లోకం నడిచింది. తాలింఖానాలనే వ్యాయామశాలలు, దండీలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ గోదాలు. జాతరల్లో కర్రసాము ఇప్పటికీ చూస్తాం. ఆ లోకం నుంచి బళ్లోకి అడుగుపెట్టిన మనిషి కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టారు, విజయనగరంలో పెరిగారు, మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది వచ్చి తను చదివిన హైస్కూల్లోనే డ్రిల్ మాస్టారుగా చేరారు. తర్వాత సర్కస్ పెట్టి, గుండె మీద ఏనుగుని ఎక్కించుకుని, కలియుగ భీముడనిపించుకున్నారు. ఆయన విగ్రహం మన బీచ్ రోడ్డులోనే ఉంది. పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్లలో ఆయన డ్రిల్ మాస్టారని ఎందరికి తెలుసో గానీ, అంతటి మనిషికి కూడా బడి ఉద్యోగం చాల్లేదన్నది మాత్రం గమనించాలి.

కొంచెం మంచి మలుపు 1920లో వచ్చింది. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టారు, ఆసియాలోనే అలాంటిది మొదటిదని చెబుతారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్టుతో వెళ్లింది కూడా ఆయనే. విశాఖ అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, కాబట్టి శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే మన జిల్లాలకూ అదే దిక్కు. సిపాయి పోయి చదువుకున్న మాస్టారు రావడం, కవాతు పక్కన వాలీబాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలు చేరడం ఆ దారిలో జరిగినవే. డ్రిల్ మాత్రం పోలేదు. ఆటల పక్కన అదీ ఉండిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇది మారుతుందనుకుంటాం కదా. మారింది, అయితే వేరే దిక్కుకి. 1948లో ఎన్‌సీసీ వచ్చింది. 1954లో జాతీయ క్రమశిక్షణ పథకం వచ్చింది, నడిపింది ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసిన జనరల్ భోంస్లే. దేశ విభజనలో చెల్లాచెదురైన శరణార్థుల పిల్లల బడిలో మొదలై దేశమంతా పాకింది. పథకాలు ఒకదాని మీద ఒకటి పడి గందరగోళమైతే 1959లో కుంజ్రు కమిటీ వేశారు, అన్నిటినీ కలపమంది, 1965లో నేషనల్ ఫిట్‌నెస్ కోర్ వచ్చింది. పేరులో ఫిట్‌నెస్ ఉన్నా లోపలున్నది మళ్లీ క్రమశిక్షణే. మధ్యలో 1962 చైనా యుద్ధం వచ్చింది కాబట్టి వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. కొన్నేళ్లకు ఆ కోర్ చెదిరిపోయింది, అందులోని బోధకులను రాష్ట్రాలకు పంపేశారు. వరస, ఈల, ఎనిమిది అంకెలు మిగిలాయి.

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది 1954లోనే పుట్టిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్. దీని గురించి ఎవరూ చెడ్డగా మాట్లాడరు, నేనూ మాట్లాడను. ఎందరో పల్లె పిల్లలకి రైలెక్కే అవకాశం, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ వచ్చింది ఆ పోటీల వల్లే. కానీ పీఈటీ పని స్వభావం అక్కడే మారిపోయింది. అండర్ 14, అండర్ 17, అండర్ 19, మండలం తర్వాత జిల్లా, జిల్లా తర్వాత రాష్ట్రం. సీజన్ మొదలైందంటే సార్ కబడ్డీకో ఖోఖోకో పన్నెండు మందిని ఏరుకుని వాళ్లతోనే లోకం. ఎంట్రీ ఫారాలు, వయసు సర్టిఫికెట్లు, బస్సు, భోజనం, అన్నీ ఆయనే చూసుకోవాలి. వాళ్లని తీసుకుని ఊరెళ్తే బళ్లో మిగతా సెక్షన్లకి ఆ వారం పీరియడ్ లేదు. హెడ్‌మాస్టర్ అడిగేదీ, పేపర్లో ఫొటో పడేదీ, సార్‌కి పేరొచ్చేదీ కప్పుల వల్ల. ఊపిరాడక రెండో రౌండ్‌లో ఆగిపోయే పిల్లాణ్ని డిసెంబరుకల్లా మూడు రౌండ్లు పరుగెత్తించాడని ఏ పీఈటీకీ సన్మానం జరగలేదు.

ఆటగాళ్లయినా ఈ పీరియడ్‌లో తయారయ్యారా అంటే అదీ అనుమానమే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన పక్క శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. బరువులెత్తడం మొదలుపెట్టింది ఊళ్లో నీలంశెట్టి అప్పన్న గారి వ్యాయామశాలలో.

తొంభైల తర్వాత కథలోంచి గ్రౌండ్ మాయమైంది. ఎంసెట్ ర్యాంకుల టెన్షన్ ఆరో తరగతిదాకా దిగింది, బళ్లు అపార్టుమెంట్లలోకి ఎక్కాయి. విశాఖలో దీనికి ఇంకో మెలిక ఉంది. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు, చదునైన నేల తక్కువ, ఉన్నదాని ధర ఆకాశంలో. అందుకే ఉక్కునగరం, నేవీ, పోర్టు, రైల్వే కాలనీల్లాగా ఎవరో ముందే ప్లాను గీసిన చోట పిల్లలకి ఆడుకునే నేల ఉంది. మిగతా ఊళ్లో చాలాచోట్ల బస్సులు నిలిపే జాగానే గ్రౌండు.

చట్టం లేక కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆటస్థలం, ప్రతి తరగతికీ ఆట సామాను రాసి ఉన్నాయి. ఆరు నుంచి ఎనిమిది దాకా వంద మందికి పైగా పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలనీ ఉంది. పార్ట్‌టైమ్ అన్న మాట దగ్గరే ప్రభుత్వం మనసు తెలిసిపోతుంది. సర్కారు బళ్లు బాగుచేయడానికి రాష్ట్రం 2019 నవంబరులో మొదలుపెట్టిన నాడు-నేడులో మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీలు అన్నీ వచ్చాయి, బళ్ల రూపం మారింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ మొదటి విడత జాబితాలో ఆటస్థలం మాత్రం లేదు.

పోస్టుల సంగతీ అంతే. 2025లో టీచర్ల భర్తీకి పెట్టిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటిస్తే పీఈటీ పేరుతో ఉన్నవి 132. స్కూల్ అసిస్టెంట్ హోదాలో వ్యాయామ విద్య పోస్టులు విడిగా ఉన్నాయి గానీ అవి హైస్కూళ్లకి. ఐదో తరగతి లోపు పిల్లలకి, అంటే గెంతడం, బ్యాలెన్సు, విసరడం నేర్చుకోవాల్సిన వయసులో, తరగతి టీచరే అన్నీ.

ఇక ఇప్పటి మాట. 2019లో కేంద్రం క్రీడా పథకం ఖేలో ఇండియా కింద బడి పిల్లలకి ఫిట్‌నెస్ పరీక్షలు పెట్టారు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి ఎత్తు, బరువు, ఒంటికాలి మీద నిలబడటం, బల్ల మీది పళ్లేలను చేత్తో వేగంగా తట్టడం. తొమ్మిది నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కాళ్లు చాచి ముందుకు వంగడం, కడుపు కండరాల కర్లప్స్, పుషప్స్. కొలతలన్నీ యాప్‌లో ఎక్కించాలి. అదే ఏడాది ఆగస్టు 29న కేంద్రానిదే ఫిట్ ఇండియా ఉద్యమం వచ్చింది. గ్రౌండు, శిక్షణ పొందిన టీచరు, ప్రతి సెక్షన్‌కీ రోజూ ఒక పీరియడ్ ఉన్నాయని బడి ప్రకటించుకుంటే ఒక జెండా, ఇంకొన్ని చేస్తే మూడు నక్షత్రాలు, ఐదు నక్షత్రాలు. నవ్వొచ్చే సంగతేంటంటే 1959-60లో కేంద్రం నేషనల్ ఫిజికల్ ఎఫిషియెన్సీ డ్రైవ్ అని పెట్టినప్పుడు కూడా పరుగు, గెంతు, విసురు కొలిచి నక్షత్రాలే ఇచ్చింది. అప్పుడు మనుషులకి ఇచ్చారు, ఇప్పుడు బళ్లకి ఇస్తున్నారు.

అయినా నేను ఈ పరీక్షల పక్షమే. ఎందుకంటే ఇన్నేళ్లలో గోడ నీడన కూర్చున్న ముప్పై మందిని లేపి, నీ పేరేంటి, నువ్వెంత వంగగలవు అని అడిగింది ఇదే. లోటంతా కొలిచాక ఏమవుతుందన్న దగ్గర. యాభై మీటర్ల నేరుదారి లేని బళ్లో 600 మీటర్లంటే బస్సుల చుట్టూ ఎన్ని రౌండ్లో లెక్కేసుకుని ఉరికించడం, అంకె ఫోన్‌లో కొట్టడం, వచ్చే ఏడాది దాకా మర్చిపోవడం. ఒక అబ్బాయి ఆరు పుషప్స్ చేశాడని తెలిశాక ఏడోది చేయించే పాఠం ఏ వారం ప్లానులోనూ ఉండదు.

చేయడం అసాధ్యమేం కాదు, అక్కడక్కడా చేస్తున్న సార్లూ మేడమ్‌లూ ఉన్నారు. యాభై మందిని ఐదు గుంపులు చేస్తారు. ఒక మూల తాడు గెంతడం, ఒక మూల మెట్టు ఎక్కి దిగడం, సుద్దతో గీసిన గీతల మధ్య షటిల్ పరుగు, నేల మీద పట్టా వేసి కర్లప్స్, ఐదో చోట బంతి. ఈల ఊదినప్పుడల్లా గుంపు చోటు మారుతుంది. వరస కోసం పోయే ఐదారు నిమిషాలు మిగులుతాయి, బస్సుల జాగా సరిపోతుంది, రెండు బంతులూ చాలు. దసరా సెలవుల తర్వాత లెక్కల సార్ వచ్చి సిలబస్ అవ్వలేదండీ, ఆ పీటీ పీరియడ్ నాకివ్వండి అన్నప్పుడు కుదరదని చెప్పే హెడ్‌మాస్టర్ ఒకరు కావాలి, అంతే.