చెట్టెక్కిన చీలమండ

నల్లగొండ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో, మన గుట్ట మీద రాక్షసబల్లుల ఎముకలు దొరుకుతాయా అని అడిగారు. దొరకవు. ఈ రాయి భూమి లోతుల్లో కరిగిన శిల నెమ్మదిగా గట్టిపడగా ఏర్పడినది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులో ఆకు గాని ఎముక గాని నిలిచే వీలు లేదు. అయితే పడమరగా వికారాబాద్ వైపు వెళితే, లావా చల్లారి ఏర్పడిన నల్లరాయి కనిపిస్తుంది. అక్కడి నస్కల్ దగ్గర, లావా పొరల నడుమ చిక్కుకున్న ఒక పలుచని మట్టిపొర ఉంది.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఒక లావా ప్రవాహం చల్లారి మరొకటి వచ్చేలోపల, పల్లాల్లో వాననీరు నిలిచి మడుగులు కట్టింది. వాటి అడుగు బురదే ఆ పొర. అందులో కప్పల ఎముకలు ఉన్నాయి. కప్పలు సముద్రంలో బతకవు గనుక అక్కడ మంచినీరు ఉండేదని ఆ ఎముకలే చెబుతాయి. ఆ మట్టిని నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరితే, ఎలుకంత జంతువు పళ్లు బయటపడ్డాయి. దక్కనోలెస్టెస్ అని పేరు పెట్టి 1988లో ఆ సంగతి ప్రకటించారు. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది మాత్రం ఆ తరువాత దొరికిన దాని చీలమండ ఎముకలు. మన వేపచెట్టు మీది ఉడుత తలకిందులుగా దిగేటప్పుడు వెనకపాదం వెనక్కి తిరగడం మీరు చూసే ఉంటారు. చెట్లెక్కే జంతువుల కీళ్లకు అటువంటి ప్రత్యేకమైన అమరిక ఉంటుంది, ఈ ఎముకల్లోనూ ఆ పోలికలే కనిపించాయి. చెట్లెక్కే జంతువు ఉందంటే ఎక్కడానికి చెట్లూ ఉన్నాయన్నమాట. ఒక్క మాను కూడా దొరకకపోయినా, గోరంత ఎముకను బట్టి అక్కడ చెట్లుండేవని చెప్పగలుగుతున్నాం.

ఇక చలీ వేడీ తెలియాలంటే ఆకుల అంచులు చూడాలి. చల్లని ప్రాంతాల చెట్లలో రంపపు పళ్ల అంచున్నవి ఎక్కువని, వెచ్చని ప్రాంతాల్లో మర్రి, మామిడి లాగా నున్నని అంచున్నవి ఎక్కువని బెయిలీ, సినాట్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞులు 1915లో చూపారు. కాని మన వేపాకుకూ రంపపు పళ్లే ఉన్నాయి కదా! అందుకే ఒక్క ఆకును నమ్మి తీర్పు చెప్పకూడదు. ఒకే పొరలో దొరికిన అనేక జాతుల ఆకులను చూసి, నూటికి ఎన్నింటి అంచు నున్నగా ఉందో లెక్కకట్టాలి.

దసరాకు వచ్చేటప్పుడు మీ ఊరి చెట్ల ఆకులను జాతికొకటి చొప్పున పాత పుస్తకంలో ఒత్తి తీసుకురండి. అరుగు మీద కూర్చుని అంచులు లెక్కపెడదాం.

మీ తాతయ్య