నవోదయ దరఖాస్తు మీద హెడ్మాస్టరు సంతకం: గోదావరి పల్లెల్లో ఈ తగువు ఎక్కడ మొదలైంది

నవోదయ అంటే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకునే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి. దాని ఆరో తరగతి దరఖాస్తుతో పాటు ఒక సర్టిఫికెట్ పెట్టాలి. పిల్లాడు మూడు, నాలుగు, అయిదు తరగతులు ఏ బడిలో చదివాడు, ఆ బడి పల్లెలో ఉందా, పట్నంలో ఉందా అన్నది అందులో రాయాలి. కింద పిల్లాడు, తల్లి లేదా తండ్రి, హెడ్మాస్టరు సంతకాలు చేయాలి. దాన్ని ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే గానీ దరఖాస్తు పూర్తి కాదు.

గోదావరి డెల్టాలో ఏటా గొడవ వచ్చేది ఈ కాగితం దగ్గరే. పిల్లాడి పేరు ఊరి బడి రిజిస్టర్లో ఉంటుంది. పిల్లాడేమో పట్నంలో కోచింగ్ హాస్టల్లో ఉంటాడు. దరఖాస్తులు తెరవగానే తండ్రి వచ్చి, పిల్లాడు ఊరి బడిలోనే చదివాడని సంతకం పెట్టమంటాడు. అది అబద్ధం కాబట్టి పెడితే హెచ్‌ఎం (హెడ్మాస్టరు) గారి ఉద్యోగానికే ఎసరు. పెట్టకపోతే "మా పిల్లాడి బతుకు పాడు చేశారు" అని ఊళ్లో మాట పడాలి. దరఖాస్తులతో పాటే ఆ మాట మళ్లీ లేచింది. ఒకరు తల్లిదండ్రులది అత్యాశ అంటున్నారు, ఇంకొకరు కోచింగ్ వాళ్ల వ్యాపారాన్ని తిడుతున్నారు, మరొకరు టీచర్ల మీద పడుతున్నారు.

నాకు తెలిసినంతలో ఈ తగువుకు మూలం 2022లో ఉంది.

ఆ ఏడాది రెండు నెలల తేడాతో రెండు మార్పులు వచ్చాయి. ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పుగోదావరి నవోదయ పెద్దాపురంలో ఉంది, అది కాకినాడ జిల్లాలోకి వెళ్లింది. పాత పశ్చిమగోదావరి నవోదయ పెదవేగిలో ఉంది, అది ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమకు, భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమగోదావరికి, అంటే అసలు డెల్టా అనదగ్గ రెండు జిల్లాలకూ, సొంత నవోదయ లేకుండా పోయింది. కొత్త విద్యాలయం వచ్చేదాకా పాత జిల్లా హద్దులే లెక్క అని నవోదయ సమితి రూలు ఉంది కాబట్టి పిల్లల అర్హత పోలేదు. అంతర్వేది పక్క ఊరి పిల్లాడు ఇప్పటికీ వైనతేయ, గౌతమి దాటి పెద్దాపురం సీటుకే పోటీ పడతాడు.

రెండోది జూన్ 10న వచ్చిన జీవో 117. కిలోమీటరు దూరంలో హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులను అందులో కలిపేయాలన్నారు. ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. డెల్టాలో కిలోమీటరంటే మ్యాపులో గీసిన గీత కాదు. మధ్యలో కాలువ ఉంటుంది, రొయ్యల చెరువుల గట్లు ఉంటాయి, లారీలు తిరిగే రోడ్డు ఉంటుంది. అప్పట్లో అందరూ దారి గురించే మాట్లాడారు. నేనూ దాని గురించే రాశాను. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగిందని నాకు అర్థమవడానికి రెండేళ్లు పట్టింది.

అదేంటో తెలియాలంటే అంతకుముందు పిల్లలను నవోదయకు ఎవరు తయారు చేసేవారో చెప్పాలి.

మా అక్కావాళ్లది పాలకొల్లు అవతల ఒక చిన్న ఊరు. అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో అయిదో తరగతి చెప్పే మాస్టారు ఏటా అయిదారుగురు పిల్లలను ఏరి, బడి గంటకు ముందు ఏడున్నరకే రమ్మనేవారు. డబ్బులు లేవు. ఎవరైనా ఇంట్లో కాసిన బొప్పాయో, కొబ్బరి బొండాలో తెచ్చిస్తే తీసుకునేవారు. వరండాలో చాప, గోడకు నల్లరంగు పూసిన బోర్డు. నేను అక్కడున్న ఒక పొద్దున ఆయన దశాంశాలు చెబుతున్నారు. "ఎకరానికి ఎన్ని సెంట్లురా?" అన్నారు. "వంద" అని అందరూ ఒక్కసారే అరిచారు. "మీ తాతది ముప్పై ఏడు సెంట్లు. ఎకరాల్లో ఎంత?" ఒక పిల్లాడు బోర్డు మీద సున్నా, చుక్క, 37 వేసి వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత శాతాలకు ఆయన కొత్త పాఠం మొదలుపెట్టలేదు. అదే బోర్డు మీద, అవే సెంట్లతో చెప్పారు.

ఇలాంటి మాస్టార్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారని అనను. ఉన్న ఊళ్లో మాత్రం పిల్లాడికి నవోదయ అనే దారి ఒకటుందని ముందు చెప్పింది వాళ్లే, తయారు చేసింది వాళ్లే, సర్టిఫికెట్ మీద సంతకం చేయించింది కూడా వాళ్లే. మూడో తరగతి నుంచి ఆ పిల్లాడు వాళ్ల కళ్ల ముందే పెరిగాడు కాబట్టి సంతకం తగువు కాలేదు.

జీవో 117 తర్వాత 3, 4, 5 తరగతులు హైస్కూల్లో సబ్జెక్టు టీచర్ల చేతిలోకి వెళ్లాయి. చెప్పుకోవడానికి బాగానే ఉంది, లెక్కలకు లెక్కల టీచరే వస్తారు. కానీ ఆ లెక్కల టీచరుకు పదో తరగతి ఫలితాలు మెడ మీద కత్తి. పొద్దున్నే స్పెషల్ క్లాసులు పెడితే పదోవాళ్లకే పెడతారు, అయిదోవాళ్లకు పెట్టరు. తొమ్మిదేళ్ల పిల్లాణ్ని చూసి "వీడు నా పిల్లాడు, వీణ్ని నేను కూర్చోబెడతాను" అనే మనిషి లేకుండా పోయాడు. ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చిందీ 2022లోనే. భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు అప్పటికే ఉన్నాయి. సాయంత్రం ఒక గంట ఎక్కువ ఉందామనుకునే టీచరుకు ఓపిక ఎక్కడ మిగులుతుంది?

ఆ ఖాళీలోకే హాస్టల్ కోచింగ్ వచ్చింది. కోచింగ్ అంతకుముందు లేదని కాదు. బోర్డులు ఎప్పటినుంచో ఉన్నాయి, కోవిడ్‌లో బళ్లు మూసినప్పుడు వాట్సాప్‌లో బిట్లు పంపి కొందరు బలపడ్డారు కూడా. కానీ ఊళ్లో మాస్టారు ఉన్నంతకాలం కోచింగ్ డబ్బున్నవాళ్ల వ్యవహారం. ఊరి బడిలో అలాంటి మాస్టారు లేకుండా పోయాక కౌలు రైతు, చెరువు కాపలాదారు కూడా అప్పు చేసి పంపాల్సి వచ్చింది.

కోచింగ్ నడిపేవాళ్లు చెప్పేదీ వినాలి. తల్లిదండ్రులే వెతుక్కుంటూ వస్తున్నారని, బళ్లో ఎవరూ చెప్పనిది తాము చెబుతున్నామని వాళ్లంటారు. రెండో మాట నిజం. పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, 50 మార్కులు మెంటల్ ఎబిలిటీవే. లెక్కలకు 25, భాషకు 25. మెంటల్ ఎబిలిటీకి ఏ తరగతిలోనూ పుస్తకం లేదు, టీచరు లేడు. నిజానికి ఈ భాగం పెట్టింది పల్లె పిల్లల కోసమే. భాష, చదివిన బడి, ఇంటి స్తోమత అడ్డు రాకుండా బొమ్మలతో తెలివిని చూడాలన్నది మొదటి ఆలోచన. కానీ బొమ్మల బిట్లు ఎన్ని చేస్తే అంత చేయి తిరుగుతుంది. అందుకే కోచింగ్‌కు బాగా పనికొచ్చేదీ అదే అయింది.

అయినా అందుకు హాస్టల్ ఎందుకన్నది నా ప్రశ్న. ఆ 40 బిట్లు పది రకాలు, రకానికి నాలుగు. తేడా బొమ్మ పట్టుకోవడం, అచ్చం అలాంటిదే వెతకడం, సగం బొమ్మ పూర్తి చేయడం, అద్దంలో బొమ్మ, మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే ఎలా ఉంటుంది, ఇలా. ఆగస్టు 15కి రంగు కాగితాలు మడిచి కత్తిరించి తోరణాలు చేసిన పిల్లకు ఆ చిల్లుల ప్రశ్న కొత్తది కాదు. చుక్కల ముగ్గు సగం వేసి ఆపితే మిగతా సగం ఎటు తిరగాలో మన ఇళ్లలో ఏడేళ్ల పిల్ల చెబుతుంది. రోజూ ఒక గంట పక్కన కూర్చునే మనిషి ఉంటే చాలు. తప్పు సమాధానానికి మార్కులు తీసెయ్యరు కాబట్టి ఒక్క బిట్టూ ఖాళీగా వదలొద్దని చెప్పాలి. పెన్నుతో నింపిన గుండ్రం మళ్లీ మార్చడానికి లేదని రెండు మూడు ఓఎంఆర్ షీట్లు చేయించి అలవాటు చేయాలి. కసాగు, గసాభా, భిన్నాలు తడుముకోకుండా రావాలి. భాషలో నాలుగు పేరాలు ఇచ్చి ఒక్కోదానికి అయిదు ప్రశ్నలు అడుగుతారు, కాబట్టి పిల్ల రోజూ ఏదో ఒకటి పైకి చదవాలి. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాక పరీక్ష ఏ భాషలో రాయాలన్నది ఇళ్లలో పెద్ద టెన్షన్. పిల్ల ఏ పేజీ చదివి కథ తిరిగి చెప్పగలుగుతోందో చూసి, దరఖాస్తులో ఆ భాషే పెట్టాలి. ఇవేవీ పట్నం హాస్టల్లోనే దొరికేవి కావు.

పట్నం వెళ్తే పోయేది ఒకటి ఉంది, అదే ఈ తగువుకు ముడి. నవోదయ సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలవి. ఆ కోటాలోకి రావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివుండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్నం బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. రూలు చూసేది ఇంటిని కాదు, బడిని. అందుకే పిల్లాణ్ని నిజంగా పట్నం బడికి మార్చకుండా, పేరు ఊళ్లో ఉంచి మనిషిని హాస్టల్లో పెట్టే పద్ధతి పుట్టింది. ఆ అబద్ధం హాస్టల్ కాగితాల మీద ఉండదు. ఊరి హెడ్మాస్టరు చేసే సంతకం కింద ఉంటుంది.

మా మేనకోడలి విషయంలో ఈ రూలు మాకు తగిలింది. మా బావ పని మీద అక్కావాళ్లు కొన్ని నెలలు భీమవరంలో ఉన్నారు. పిల్ల మూడో తరగతిలో ఆ కొన్ని నెలలు అక్కడి బడిలో చదివి, మళ్లీ ఊరి బడికి వచ్చింది. అయిదో తరగతిలో దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ కొన్ని నెలలు రాయకపోతే ఎవరికి తెలుస్తుందని చుట్టుపక్కల వాళ్లు చెప్పారు. హెచ్‌ఎం గారు అక్కను కూర్చోబెట్టి, "అమ్మా, రాస్తే పిల్ల పోటీ కష్టమవుతుంది. రాయకపోతే రేపు సీటొచ్చాక పీకేస్తారు" అన్నారు. అక్క రాయించింది. పిల్ల పట్టణ అభ్యర్థిగా రాసింది, సీటు రాలేదు. ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే, రెండోసారి రాయడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వీల్లేదు. ఆ రాత్రి మా అక్క నాతో ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అదే పరీక్షకు హాస్టల్లో ఉంటూ ఊరి బడి పేరుతో గ్రామీణ కోటాలో కూర్చున్న పిల్లలు ఉన్నారని ఆమెకు తెలుసు. ఆ పిల్లల తప్పేం లేదనీ తెలుసు.

అసలు ఇంత ఒత్తిడి సీట్ల దగ్గర మొదలవుతుంది. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు, జిల్లా చిన్నదైనా పెద్దదైనా అంతే. 2011 లెక్కల ప్రకారం పాత తూర్పుగోదావరి జనాభా 51 లక్షల పైచిలుకు, పాత పశ్చిమగోదావరి 39 లక్షల పైచిలుకు. మన్యం నుంచి లంకల దాకా ఆ కొద్ది సీట్లకే పోటీ. 2024 డిసెంబరులో కేంద్ర కేబినెట్ నవోదయలు లేని జిల్లాలకు 28 కొత్తవి ఇచ్చింది. తెలంగాణకు ఏడు వచ్చాయి. మనకు ఒక్కటీ రాలేదు. జిల్లాలు విడగొట్టిన రోజున కలెక్టరేట్లు, ఎస్పీ ఆఫీసులు ఎక్కడ పెట్టాలని కొట్లాడినంత గట్టిగా కోనసీమకు, భీమవరానికి నవోదయ కావాలని అడిగి ఉంటే, ఈ రోజు హెడ్మాస్టర్ల బల్ల ముందు ఇంత తోపులాట ఉండేది కాదు.

2025లో జీవో 117ను రద్దు చేశారు. తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. అయిదో తరగతికి మళ్లీ ఒక మాస్టారు దొరికే అవకాశం వచ్చింది. కానీ మధ్యలో ఆ తరగతులు చదివిన పిల్లలకు అది పనికిరాదు, ఒకసారి హాస్టల్ దారి పట్టిన ఊరు వెంటనే వెనక్కి రాదు. టీచర్ల సంఘాలు యాప్‌ల పని తగ్గించమంటున్నాయి. అది తగ్గకుండా సాయంత్రం క్లాసులు పెట్టమని పై నుంచి ఆర్డరు వేస్తే కాగితం మీదే జరుగుతాయి. సంతకం విషయంలో హెచ్‌ఎంలను మాత్రమే బెదిరించడం కూడా న్యాయం కాదు. పిల్లాడు నెలల తరబడి బడికి రాకపోయినా హాజరు ఎలా పడుతోందని పై అధికారులు ఏడాది పొడవునా అడగాలి, దరఖాస్తుల నెలలో ఒక్కసారి కాదు.

మొన్న అక్కావాళ్లింటికి వెళ్లాను. మేనకోడలు ఇప్పుడు జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. పక్కింటి పిల్లాడు అయిదో తరగతి. వాళ్ల నాన్న రొయ్యల చెరువు కాపలా, రాత్రంతా గట్టు మీదే. హాస్టల్‌కు పంపుదామని అడిగి, ఖర్చు విని ఆగిపోయాడు. వాడు రోజూ సాయంత్రం మా అక్క వరండాలోకి వస్తాడు. మేనకోడలు పాత నోటుబుక్కు కాగితం నాలుగు మడతలు పెట్టి, కత్తెరతో మూల కొంచెం కోసి, వాడి ముందు పెడుతుంది. వాడు విప్పబోతే చేతి మీద కొట్టి, "విప్పకుండా చెప్పు, ఎన్ని చిల్లులు?" అంటుంది. వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. సర్టిఫికెట్ మీద హెచ్‌ఎం గారి సంతకం ఆ పొద్దున్నే అయిపోయిందట. మూడేళ్లూ ఒకే బడి, ఒకే ఊరు, రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదని వాళ్లమ్మ చెప్పింది.